టకటకమ్మ దూది పాఠం

టకటకమ్మ తట్టని వస్తువు ఈ లోకంలో ఇంకా తయారు కాలేదు.

ఎడమచేతి నడిమి వేలు దేనిమీదైనా ఆనించడం, దానిమీద కుడిచేతి నడిమి వేలితో టక టక అని రెండు దెబ్బలు వెయ్యడం, లోపల ఏముందో చెప్పెయ్యడం, ఇదీ వరస. బల్ల, తలుపు, నీళ్ళ డ్రమ్ము, బస్సులో ముందు సీటు, ఆ సీట్లో కూర్చున్న మనిషి, ఆవిడకి అన్నీ ఒకటే. పళ్ళ దుకాణం వాడు మొదట్లో ఆవిడని చూస్తే విసుక్కునేవాడు. ఏడు పుచ్చకాయలు తట్టి ఒకటి కొనేది మరి. ఆవిడ తట్టి వదిలేసిన ఆరింటినీ ఇంకెవరూ కొనడం లేదని గమనించాక విసుక్కోవడం మానేశాడు. దుకాణం తెరవకముందే పిలిచి, "అమ్మా, ఎవరూ చూడకుండా తట్టి వెళ్ళిపోండి, మీకో కాయ ఊరికే ఇస్తాను" అనేవాడు.

అసలు తట్టడమే ఆవిడ ఉద్యోగం. నర్సింగ్ కాలేజీలో రోగిని పరీక్ష చేసే పాఠం ఆవిడది. డాక్టరు అందుబాటులో లేని చోట తామే రోగిని చూసి, తామే నిర్ణయం తీసుకోగల నర్సులని తయారుచేసే పై కోర్సు అది. ఛాతీ తడితే, గాలి ఉన్నచోట గుల్లగా మోగుతుంది. నీళ్ళు చేరినచోట మొద్దుగా మోగుతుంది. ముప్పయ్యేళ్ళు ఈ ముక్క చెప్పీ చెప్పీ ఆవిడ వేళ్ళు కాలేజీ గేటు దాటాక కూడా ఊరుకోవడం మర్చిపోయాయి.

ఒకసారి ప్రిన్సిపాలు గారు క్రమశిక్షణ మీద అరగంట మాట్లాడుతుంటే, ఎదురుగా కూర్చుని ఆయన బల్లని తడుతూనే ఉంది.

"మేడం, వింటున్నారా?"

"వింటున్నాను సార్. మీ కుడి సొరుగు గుల్ల. ఎడమ సొరుగు నిండా కాయితాలు."

ఎడమ సొరుగులో సంతకం కాని సెలవు చీటీలు నూట నలభై బయటపడ్డాయి. అందులో పదహారు ఆవిడవే. ఆ తర్వాత ప్రిన్సిపాలు గారు ఆవిడతో ఏం మాట్లాడాలన్నా గది మధ్యలో, చేతికి ఏ సామానూ అందని చోట నిలబడి మాట్లాడేవారు.

ఆవిడ భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కాలేజీ వార్షికోత్సవంలో నాలుగు మాటలు చెప్పమంటే లేచి, "పెళ్ళయిన కొత్తలో ఒకరోజు మెల్లగా వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. అబ్బ, ప్రేమ అనుకున్నాను. 'ఊపిరి గట్టిగా పీల్చండి' అంది. అంతే, ఇంక చెప్పేదేం లేదు" అని కూర్చున్నాడు.

ఆ ఏడు బ్యాచిలో పదకొండు మంది. అందరిలోకీ పెద్దవాడు బ్రదర్. ఆడ నర్సుని సిస్టర్ అన్నట్టే మగ నర్సుని ఆస్పత్రిలో బ్రదర్ అంటారు. పద్నాలుగేళ్ళు అనిపించుకున్నాక అతనికి అదే పేరైపోయింది. కోపం వస్తే భార్య కూడా "ఏం బ్రదర్" అనేది. పద్నాలుగేళ్ళు వార్డులో చేస్తే మనిషికి మిగిలేవి రెండు, నడుంనొప్పీ కడుపుమంటా. రోగి ముఖం చూసి ఇతను తేడా పసిగట్టి చెబితే, నిన్నగాక మొన్న వచ్చిన డాక్టరు "నువ్వు సెలైన్ సంగతి చూడు బ్రదర్" అనేవాడు. మర్నాటికి అదే తేడా కేసు షీటులో ఆ డాక్టరు చేతిరాతలో కనిపించేది. ఈ కోర్సు గట్టెక్కితే తన రాతకీ ఒక విలువ వస్తుందని చేరాడు.

చేరాడు గానీ, ఒక రహస్యం దాచి చేరాడు. ఎనిమిదో ఏట గవదబిళ్ళలు వచ్చి అతని ఎడమ చెవి పూర్తిగా పోయింది. గది నిశ్శబ్దంగా ఉంటే కుడి చెవి ఇద్దరి పనీ చేసేది. గోలలో మాత్రం చేతులెత్తేసేది. 'స్టెతస్కోపు పట్టేవాడికి చెవుడేమిటి' అని ఇంటికి పంపేస్తారన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. క్లాసులో ఎడమ గోడకి ఆనుకున్న బెంచీ ఎంచుకున్నాడు. గోడ ఎలాగూ మాట్లాడదు కదా అని అతని లెక్క. టకటకమ్మ క్లాసులో గోడ కూడా మాట్లాడుతుందని తర్వాత తెలిసింది.

"ముందు చూడు, తర్వాత ముట్టు, ఆ తర్వాత తట్టు, ఆఖరికి విను," అని ఆవిడ మొదలుపెట్టేది. "కడుపు దగ్గర మాత్రం ముందు వినాలి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి. లేకపోతే నీ చెయ్యి చేసిన గోలే నీకు వినిపిస్తుంది. ఏదీ, కిటికీ దగ్గర నాయనా, నువ్వు తట్టు. ఆగాగు! ఏమిటది, పోలీసువాడు తలుపు బాదినట్టు?"

"రోగి లేచిపోతాడంటారా మేడం?"

"లేవడు. నిన్ను చూసి నిద్ర నటిస్తాడు. మోచెయ్యి పడుకోవాలి, మణికట్టు మేలుకోవాలి. మళ్ళీ!"

సంవత్సరం మధ్యలో మొదటి ప్రాక్టికల్ జనరల్ వార్డులో పెట్టారు. అరవై మంచాలు, వాటికి నూట ఇరవై మంది చుట్టాలు, నెత్తిమీద కిర్రుకిర్రుమనే ఫ్యాన్లు. బ్రదర్ రోగి వీపు తట్టాడు. ఫ్యాను తప్ప ఏమీ వినపడలేదు. ఊహించి "గుల్ల" అన్నాడు.

"మొద్దు నాయనా," అంది టకటకమ్మ.

పదిమంది పాసయ్యారు, అతనొక్కడే తప్పాడు. ఆఖరి ప్రాక్టికల్ కూడా తప్పితే పేరు కొట్టేస్తారు. మళ్ళీ అదే వార్డు, అదే సెలైన్.

ఆ వచ్చే సోమవారం టకటకమ్మ ఒక పెద్ద దూది చుట్ట చంకలో పెట్టుకుని క్లాసుకి వచ్చింది.

"అందరూ చెవుల్లో కుక్కుకోండి. రెండు చెవుల్లోనూ. బాగా!"

"ఎందుకు మేడం?" అంది ఫస్ట్ ర్యాంకు. క్లాసులో అన్నిటికీ మొదట వచ్చే అమ్మాయికి అందరూ పెట్టిన పేరది.

"చెప్పినా నీకు వినపడదుగా అమ్మాయ్, కుక్కుకో."

ముందు గోడ తట్టించింది. తర్వాత చెప్పుల అట్టపెట్టెలు తెచ్చింది. కొన్నింట్లో ఇసక, కొన్నింట్లో సగమే ఇసక, కొన్ని ఖాళీ. మూతలు తియ్యకుండా, కళ్ళు మూసుకుని, ఇసక ఎక్కడిదాకా ఉందో సుద్దముక్కతో గీత గియ్యాలి. తర్వాత నీళ్ళ డ్రమ్ములు. చెవుల్లో దూదితో పదకొండు మంది పెద్దవాళ్ళు టక టక టక అని గది నలుమూలలా తడుతూ, ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినపడక గొంతులు చించుకుని అరుస్తూ ఉంటే, ఆ చప్పుడుకి ప్రిన్సిపాలు గారు పరిగెత్తుకొచ్చారు. గుమ్మంలో నిలబడి రెండు నిమిషాలు కోప్పడ్డారు. ఒక్కరు తల తిప్పితే ఒట్టు. ఆఖరికి వెళ్ళి టకటకమ్మ ముందు నిలబడ్డారు. ఆవిడ ఒక చెవిలో దూది తీసింది.

"ఏమన్నారు సార్?"

"ఇది సిలబస్‌లో ఎక్కడుంది మేడం అంటున్నాను!"

ఆవిడ శ్రద్ధగా విని, తల ఊపి, దూది మళ్ళీ చెవిలో పెట్టేసుకుంది.

ఆరు వారాలు అదే పాఠం. "చెవులు బాగా వినపడేవాళ్ళకి ఈ శిక్షేమిటి? చెవిటివాళ్ళ స్కూల్లో చేరామా ఏం?" అని ఫస్ట్ ర్యాంకు గొణిగింది. అందరూ నవ్వారు. బ్రదర్ కూడా నవ్వాడు, అరక్షణం ఆలస్యంగా.

మూడోవారంలో అతనికి ఒక సంగతి తెలిసింది. చప్పుడు చెవి ఒక్కదానికే కాదు, వేలికీ తెలుస్తుంది. గుల్లగా ఉన్నచోట కింది వేలు సన్నగా వణుకుతుంది. మొద్దు చోట వణుకు ఉండదు, లోపలినుంచి ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు దెబ్బ ఆగిపోతుంది. అది తెలిశాక ఇంక అతను ఆగలేదు. ఇంట్లో గ్యాస్ సిలిండరు తట్టాడు. పిండి డబ్బా తట్టాడు. నిద్రపోతున్న కూతురి వీపు తట్టాడు.

"ఆ మేడం జబ్బు నీకూ అంటుకుంది," అంది భార్య. "నన్ను తట్టావో, చూసుకో!"

ఆఖరి ప్రాక్టికల్‌కి వేరే కాలేజీ నుంచి పెద్ద డాక్టరొకాయన వచ్చాడు. టకటకమ్మకి లోపలికి రావడానికి వీల్లేదు. బ్రదర్‌కి తొమ్మిదో మంచం పడింది. దానిమీద ముసలి వడ్రంగి, జ్వరం, ఆయాసం. సరిగ్గా ఆ సమయానికే వార్డులో నేల తుడిచే మిషను మొదలైంది. విమానం పైకి లేస్తున్నంత గోల.

బ్రదర్ ముందు చూశాడు. ఊపిరి తీస్తుంటే ఛాతీలో ఎడమ పక్క లేచినంత కుడి పక్క లేవడం లేదు. చెయ్యి ఆనించి "ఒకటి, ఒకటి అనండి తాతా" అన్నాడు. కుడివైపు కింద ఆ మాట అదురు చేతికి అందలేదు. అప్పుడు తట్టడం మొదలుపెట్టాడు. పైనుంచి కిందికి, ఒక్కో వేలు దిగుతూ. వణుకు, వణుకు, వణుకు. ఆగింది. పెన్ను తీసి అక్కడ గీత గీశాడు.

"ఇక్కణ్ణించి కిందంతా నీళ్ళు సార్."

పెద్ద డాక్టరు కనుబొమలు ముడిచాడు. "మొన్నటి ఎక్స్‌రే నేను చూశాను. నీళ్ళున్నమాట నిజమే. కానీ నీ గీతకి నాలుగు వేళ్ళు కింద."

"ఇవాళ ఇక్కడిదాకా ఉన్నాయి సార్."

"ఈ గోలలో నాకే ఏమీ వినపడటం లేదు. నీకెలా వినపడిందయ్యా? ఊహించి చెబుతున్నావా?"

ఊహించానంటే ప్రాక్టికల్ పోతుంది. నిజం చెబితే కోర్సే పోవచ్చు. బ్రదర్ ముసలాయన వీపు వంక చూశాడు. గీత అక్కడే ఉంది. నీళ్ళూ అక్కడే ఉన్నాయి. రెండు రోజుల్లో నాలుగు వేళ్ళు పెరిగాయంటే, తను తగ్గి మాట్లాడితే ఆ ఆయాసం తగ్గదు.

"వినలేదు సార్. నాకు ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడే పోయింది. గోల ఉంటే కుడిదీ అంతంత మాత్రమే. వేలితో చూశాను. గీత కరెక్టు. కావాలంటే స్కానింగ్ మిషను తెప్పించండి."

పద్నాలుగేళ్ళలో డాక్టరుతో అంత పెద్ద మాట మాట్లాడటం అదే మొదలు.

మిషను వచ్చింది. పెద్ద డాక్టరు గీత మీద పెట్టి చూశాడు, పైన చూశాడు, కింద చూశాడు, మళ్ళీ గీత మీదికి వచ్చాడు. నీళ్ళు సరిగ్గా ఆ గీత దగ్గర మొదలయ్యాయి.

"ఈ పూటే తీసెయ్యాలి. కేసు షీటు తీసుకో. నువ్వు చూసింది నువ్వే రాసి సంతకం పెట్టు."

బ్రదర్ రాశాడు. అక్షరాలు గుండ్రంగా, స్కూలు పిల్లవాడు చూచిరాత రాసినట్టు, ఒక్క కొట్టివేత లేకుండా.

"సార్, నా చెవి సంగతి..."

"స్టెతస్కోపుకి ఆ చివర ఉండేది ఒక్కటే కదయ్యా. ఈ చివర ఒకటో రెండో, నీ ఇష్టం."

వడ్రంగి మెల్లగా తల తిప్పాడు. "నేనూ కొయ్య అలాగే చూస్తాను బాబూ. లోపల పుచ్చుంటే వేలికి తెలిసిపోద్ది. మెషిన్లొచ్చాక ఎవడూ నేర్చుకోవట్లేదు. నీకెవరు నేర్పారు?"

"మా మేడం," అన్నాడు బ్రదర్.

పదకొండు మందీ పాసయ్యారు. నేల తుడిచే మిషను గోలలో కూడా తప్పు చెప్పకుండా ఫస్ట్ ర్యాంకు మళ్ళీ మొదటే వచ్చింది. చెవిటివాళ్ళ స్కూలు అన్న మాట ఆమె ఇంకెప్పుడూ అనలేదు.

సాయంత్రం ల్యాబులో పెట్టెలు సర్దుతుంటే బ్రదర్ కూడా ఒక చెయ్యి వేశాడు. ల్యాబు చూసుకునే అటెండరు ఇసక ఎత్తుతూ నిట్టూర్చింది. "ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాను నాయనా. ఈవిడ గోడలు తట్టించడం చూశాను, బక్కెట్లు తట్టించడం చూశాను. ఈ దూది మాత్రం ఇదే మొదటిసారి. ఏ బ్యాచికీ పెట్టలేదు. మొదటి ప్రాక్టికల్ అయిన సాయంత్రం నా దగ్గరికొచ్చి అడిగింది, 'దూది ఎంతుంది?' అని."

బ్రదర్ చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. మొదటి ప్రాక్టికల్ తప్పింది తనొక్కడే.

వరండా స్తంభాన్ని తడుతూ నిలబడి ఉన్న టకటకమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"మేడం, నా చెవి సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే. పిలిస్తే చూపుకన్నా ముందు నీ కుడి చెవి వస్తుంది. ముందు చూడు, ముందు చూడు అని చెప్పేదాన్ని, నాకు కనపడదా?"

"మరి నాకొక్కడికే చెప్పొచ్చుగా! పదిమందిని ఎందుకు చెవిటివాళ్ళని చేశారు?"

"నిన్నొక్కడినీ పక్కకి పిలిస్తే నువ్వు సిగ్గుతో చస్తావు. పదకొండు మందికీ దూది పెడితే ఎవరికి సిగ్గు? వేళ్ళు అందరికీ వచ్చాయి. దూది బాగుందా లేదా?"

ఇద్దరూ గేటు వైపు నడిచారు. నాలుగడుగులు వేశాక, అతని ఎడమవైపున నడుస్తున్న ఆవిడ పెదవులు కదిలినట్టు అనిపించింది.

"ఏమన్నారు మేడం? ఆ వైపు వినపడదు." ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి రావడం అతనికే ఆశ్చర్యం.

"తిట్టాను. ఆ పెద్ద డాక్టరు వెళ్తూ నాకంతా చెప్పాడు. ఆయనకి మంచం పక్కనే కథంతా చెప్పాలా, బయటికి తీసుకెళ్ళి చెప్పకూడదా, పాపం ముసలాయన చలికి వీపు తెరుచుకుని కూర్చున్నాడు అని తిట్టాను. సంవత్సరం నుంచీ నీ తిట్లన్నీ ఆ వైపునుంచే తిడుతున్నాను. మెచ్చుకోళ్ళు మాత్రం ఈ వైపు."

"అందుకా! మేడం నన్నొక్కణ్ణే తిట్టరని క్లాసులో అందరికీ కుళ్ళు." నవ్వుతూ అతను గబగబా ఆవిడ అవతలి పక్కకి తిరిగి వచ్చాడు. "మొదటినుంచీ మళ్ళీ చెప్పండి మేడం. ఏదీ వదలొద్దు."

టకటకమ్మ గేటుదాకా తిట్టింది. గేటు దగ్గర ఆగి ఇంకొంచెం తిట్టింది. బ్రదర్ ఒక్క మాట కింద పడనివ్వకుండా విన్నాడు.