ఫైళ్ళ పిన్ని బీరువాలో కవరు

ఆ రక్తపరీక్షల కేంద్రంలో కంప్యూటర్లు చూసుకునే ఆయన కన్నతల్లిని కూడా నమ్మడట. ఇంట్లో పంచదార డబ్బాకు సైతం తాళం వేస్తాడట. ఆ మూడంతస్తుల భవనంలో ఎన్ని తాళాలున్నాయో అన్నింటికీ మారు తాళంచెవులు చేయించి దాచుకున్నాడట. ఈ కబురు ఎవరు పుట్టించారో తెలియదు గానీ, పెంచి పెద్దచేసింది మాత్రం టోకెన్లిచ్చే అమ్మాయి. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. అలా ఆయనకు తాళాలాయన అనే పేరు స్థిరపడిపోయింది.

ఆయన చేసే పనులూ అలాగే ఉండేవి మరి. మూడు నెలలకోసారి అందరిచేతా పాస్‌వర్డ్‌లు మార్పించేవాడు. కొత్తది గుర్తుండక ఎవరైనా చీటీ రాసి కీబోర్డు కింద దాచుకుంటే, కోడలి వంటింట్లో మూతలెత్తి చూసే అత్తగారిలా కీబోర్డులన్నీ ఎత్తి చూసి చీటీలు చింపేసేవాడు. బయటి పెన్‌డ్రైవ్ ఎవరి చేతిలోనైనా కనబడితే, చంటిపిల్లాడి చేతిలో కత్తి చూసినట్టు పరిగెత్తుకొచ్చేవాడు. కంప్యూటరు తెరిచి వదిలేసి టీకి వెళ్ళినవాళ్ళకు, తిరిగొచ్చేసరికి తెరనిండా గాడిద బొమ్మ కనిపించేది. టోకెన్ల అమ్మాయికి ఆ గాడిద దగ్గర చుట్టమైపోయింది. మేనేజరుగారి తెర మీదికి కూడా అది రెండుసార్లు వచ్చింది. ఆ సంగతి మేనేజరు మర్చిపోలేదు.

నెలనెలా మొదటి సోమవారం ఒక పాత కంప్యూటరును కావాలని ఖాళీ చేసి, దాచిపెట్టిన నకలులోంచి అంతా మళ్ళీ ఎక్కించి చూసుకునేవాడు.

"బాగున్నదాన్ని చెడగొట్టి బాగుచేయడమేంటయ్యా?" అని మేనేజరు అడిగాడొకసారి.

"ఇల్లు కాలాక బావి తవ్వలేం కదండీ. తవ్వినదాంట్లో నీళ్ళున్నాయో లేదో ఇప్పుడే తోడి చూస్తున్నాను."

ఈ గొడవలన్నీ కింద సెల్లారులో ఉండే ఫైళ్ళ పిన్నిదాకా టోకెన్ల అమ్మాయి ద్వారానే చేరేవి. పాత కాగితాల గది పిన్నిది. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలోనే ఉంది. కంప్యూటరు ముట్టుకోదు. అక్కడున్న ఇనుప బీరువా తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకుంటుంది. పరీక్షల గది పెద్ద డాక్టరమ్మ మొదలుకొని అందరూ ఆవిణ్ణి పిన్నీ అనే పిలుస్తారు.

తాళాలాయన ఉద్యోగంలో చేరిన వారంలోనే ఆవిడ దగ్గరికొచ్చి ఒక ఫైలు అడిగాడు.

"సంతకం పెట్టిన చీటీ ఏది నాయనా?"

"తొందరలో ఉన్నాను పిన్నీ, తర్వాత తెస్తాను."

"తెచ్చాకే తీసుకుందువుగాని."

"మేనేజరుగారే పంపించారు."

"మరీ మంచిది. ఆయనకు సంతకం రాకపోదు కదా."

తాళాలాయన ముఖం వాడిపోవాల్సింది పోయి వెలిగిపోయింది. మర్నాడు లక్క సీలు వేసిన కవరొకటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"రిపోర్టులన్నీ ఉండే పెద్ద కంప్యూటరు తాళం ఇందులో ఉంది పిన్నీ. అది తెరవాల్సొచ్చి, నేను మాట్లాడే స్థితిలో లేకపోతే ఇవ్వండి. మేనేజరుగారు, డాక్టరమ్మగారు ఇద్దరూ సంతకం పెట్టాలి. అంతవరకూ మీ దగ్గరుందని ఎవరికీ చెప్పద్దు."

"ఎవరికి చెప్తాను నాయనా? ఇక్కడ నాకు తోడు బొద్దింకలే."

అప్పట్నుంచీ మూడు నెలలకోసారి వచ్చి పాత కవరు తీసుకుని కొత్తది ఇచ్చిపోయేవాడు. పైవాళ్ళు మాత్రం పిన్ని ఫ్లాస్కులో టీ కోసం వెళ్తున్నాడనుకునేవారు. ఒక కప్పు తాగేవాడు కూడా. అందులో అబద్ధం లేదు.

అలా నాలుగేళ్ళు గడిచాక, ఒక మంగళవారం పొద్దున తాళాలాయనకు కడుపులో విపరీతమైన నొప్పి వచ్చింది. అపెండిక్స్ అన్నారు, ఆపరేషన్‌కు తీసుకెళ్ళారు. అదే పొద్దున కేంద్రంలో కరెంటు పోయింది. బ్యాటరీలు అరగంట మోసి చేతులెత్తేశాయి. కరెంటు వచ్చాక పెద్ద కంప్యూటరు లేచింది గానీ, పాస్‌వర్డ్ చెప్పమని అడిగి అలకపాన్పు ఎక్కినట్టు కూర్చుంది. ఒక్క రిపోర్టూ బయటికి రాలేదు. వరండాలో కుర్చీలు నిండిపోయి జనం మెట్ల మీద కూర్చున్నారు.

మేనేజరు ఫోన్ చేస్తే తాళాలాయన భార్య ఎత్తి, ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారని చెప్పింది.

మేనేజరుకు ఒళ్ళు మండిపోయింది. "అన్నీ తన గుప్పిట్లోనే పెట్టుకున్నాడు. గాడిద బొమ్మలకు తీరిక ఉంటుంది, నాకో ముక్క చెప్పడానికి ఉండదు" అంటూ కాగితం తీసుకుని, తాళాలాయనను ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు చేత్తోనే రాశాడు. కంప్యూటర్లు పనిచేస్తుంటే టైపు చేయించేవాడే. కింద సంతకం పెట్టి, ఫైల్లో చేర్చమని టోకెన్ల అమ్మాయితో సెల్లారుకు పంపాడు.

"తాళాలాయన పనైపోయింది పిన్నీ" అంటూ ఆ పిల్ల మెట్లు దిగింది. జరిగిందంతా చెప్పి, "నేనెప్పుడో అన్నానా లేదా, కన్నతల్లిని కూడా నమ్మడని?" అని ముగించింది.

పిన్ని కాగితం రెండుసార్లు చదివింది. పొట్ట మీద కుట్లు పడకముందే పొట్టకూడు పోయేలా ఉంది ఆ మనిషికి. రిజిస్టరులో ఎక్కించి కాగితాన్ని ఫైల్లో పెట్టింది. పద్ధతి పద్ధతే. తర్వాత మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది.

"సార్, ఆయన మాట్లాడే స్థితిలో లేడా?"

"మత్తులో ఉన్నాడు. ఏం పిన్నీ?"

"అయితే సంతకం పెట్టండి. తాళం కవరు నా దగ్గరుంది."

టోకెన్ల అమ్మాయి నోరు తెరిచింది. మాట మాత్రం రాలేదు. ఆ కేంద్రం చరిత్రలో అదే మొదటిసారి.

"ముందు కవరు ఇవ్వండి, సంతకానికేం తొందర?" అన్నాడు మేనేజరు.

"సంతకానికి లేని తొందర కవరుకెందుకు సార్? డాక్టరమ్మగారిని కూడా పిలవండి."

"నేను మేనేజర్ని పిన్నీ."

"తెలుసు సార్. అందుకే మీ సంతకం అడుగుతున్నాను."

వరండాలోంచి అరవై జతల కళ్ళు అద్దంలోంచి చూస్తున్నాయి. మేనేజరే స్వయంగా వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. ఆవిడ చేతి తొడుగు తీసి, నవ్వు ఆపుకుంటూ సంతకం పెట్టింది. పిన్ని కిందికి వెళ్ళి కవరు తెచ్చింది.

లోపల ఒక పొడవాటి పాస్‌వర్డ్, దాని కింద గుండ్రటి అక్షరాల్లో ఏం చేయాలో రాసి ఉంది. మేనేజరు పైకి చదువుతూ చేయసాగాడు. చివరి మాటలు ఇవి: "తర్వాత పది నిమిషాలు తెర నల్లగా ఉంటుంది. కంగారుపడి బటన్ నొక్కవద్దు, ముఖ్యంగా మేనేజరుగారు." అప్పటికే బటన్ దాకా వెళ్ళిన చెయ్యి మెల్లగా వెనక్కొచ్చి జేబులో దూరింది.

పది నిమిషాలకు తెర వెలిగింది. ప్రింటరు గొంతు సవరించుకుని రిపోర్టులు కక్కడం మొదలెట్టింది.

మధ్యాహ్నం మేనేజరు సెల్లారులోకి దిగాడు. బొద్దింకల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పొద్దున ఒక కాగితం పంపాను పిన్నీ. అది ఇలా ఇచ్చేయండి."

పిన్ని రిజిస్టరు ముందుకు జరిపింది. "తీసుకుంటున్నట్టు ఇక్కడ సంతకం సార్."

మేనేజరు సంతకం పెట్టాడు. కాగితాన్ని అక్కడే నాలుగు ముక్కలు చేసి, ఆవిడ పోసిన టీ తాగి పైకి వెళ్ళాడు.

పది రోజులకు తాళాలాయన కడుపు పట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగి వచ్చాడు. ఎలా ఉన్నారు పిన్నీ అని కూడా అనలేదు.

"రెండు సంతకాలూ తీసుకున్నారా?"

ఆవిడ చూపించింది. ఆయన రెండింటినీ వెలుతురులో పెట్టి చూసి, జేబులోంచి కొత్త కవరు తీశాడు. "పాతది పది మందీ విన్నారు కదా, రాగానే మార్చేశాను."

"ముందు కుట్లు ఆరనీయవయ్యా" అంటూ పిన్ని కవరు లోపల పెట్టి తాళం వేసింది.

పైన పుకారు ఆగలేదు, కాస్త ఒళ్ళు చేసింది. ఇప్పుడు తాళాలాయన తన మారుచెవుల్లో సగం పిన్నికి పంచి ఇచ్చాడట.

ఆ ఇనుప బీరువాకు ఉన్నది ఒక్కటే తాళంచెవి. అది పిన్ని మెడలోనే ఉంటుంది. తాళాలాయన దానికి మారుచెవి ఏనాడూ అడగలేదు.