అమ్మ చేతి తిమ్మిరి

అమ్మ కుడిచేతికి తిమ్మిర్లు మొదలైనప్పుడు ఎవరికి తోచిన రోగం వాళ్ళు అంటగట్టారు. వాతమని నానమ్మ వంకాయ మాన్పించింది. తనకు షుగర్ ఉంది కాబట్టి ఇదీ షుగరేనని మేనత్త తీర్మానించేసింది. అమ్మ మాత్రం పక్షవాతమని లోలోపల హడలిపోయింది. వాళ్ళ నాన్నకు చెయ్యి పడిపోవడం కళ్ళారా చూసిన మనిషి. తెల్లారేసరికి బొటనవేలు, పక్కనున్న రెండు వేళ్ళు మొద్దుబారి ఉండేవి. కాఫీ గ్లాసు చేజారి పగిలాక భీమవరం వెళ్ళాం.

"ఏం పని చేస్తుంటారమ్మా?" అని అడిగారు డాక్టరుగారు.

నాన్నగారు అందుకున్నారు. "మా ఇంట్లో ఆడవాళ్ళు పనులు చెయ్యరండి. ఇంటిపట్టునే ఉంటారు."

అమ్మ తలూపింది.

నిజానికి మధ్యాహ్నం భోజనాలయ్యాక దీపాలు పెట్టేదాకా అరుగు మీద అమ్మ సూది ఆగేది కాదు. నరసాపురం చుట్టుపక్కల ఇంటింటా ఉండే లేసు అల్లికే. నూలు ఎడమచేతి వేలికి చుట్టుకుని, కొక్కెం సూదితో కుడి మణికట్టు తిప్పుతూ అల్లాలి. అల్లినవి లేసు ఏజెంటు వచ్చి, డబ్బులిచ్చి పట్టుకెళ్ళేవాడు. కానీ పొలాలున్న ఇళ్ళల్లో దాన్ని కాలక్షేపం అనేవారు. ఆ పరువు పిచ్చి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

షుగర్ లేదన్నారు. థైరాయిడ్ లేదు. మెడ ఎక్స్‌రే బాగానే ఉంది. విటమిన్ మాత్రలు మింగినా తగ్గలేదు. అమ్మ పక్షవాతం దిగులుతో సగం అన్నం మానేసి చిక్కిపోయింది గానీ సూది మానలేదు.

మళ్ళీ వెళ్తే డాక్టరుగారు రెండు చేతులూ మణికట్టు దగ్గర వంచి, అరచేతుల వెనకవైపులు ఒకదానికొకటి ఆనించి పెట్టమన్నారు. కాసేపటికే వేళ్ళు తిమ్మిరెక్కాయి.

"పక్షవాతం కాదమ్మా. మణికట్టులో నరం నొక్కుకుపోతోంది. ఈ చేత్తో రోజూ ఏదో చేస్తున్నారు. ఇలాగే వదిలేస్తే పట్టు పోతుంది. ఏం చేస్తున్నారో చెప్పండి."

అమ్మ నాన్నగారి వైపు చూసి, తల తిప్పుకుంది. "లేసు అల్లుతానండి. పెళ్ళికి ముందు నుంచీ."

నాన్నగారు గోడ మీది క్యాలెండర్ చూస్తూ ఉండిపోయారు.

మణికట్టు వంగకుండా పట్టీ ఇచ్చారు. కొన్నాళ్ళు సూది పట్టొద్దన్నారు. ఒంటిచేత్తో పట్టీ బిగించుకోవడం అమ్మకు రాలేదు. నాన్నగారే కట్టేవారు, ఎక్కువ బిగిసిందా అని అడుగుతూ. తిమ్మిర్లు నెమ్మదిగా తగ్గుముఖం పట్టాయి.

ఒకరోజు పాలకొల్లు బస్సులో మా ఊరాయన ఒకరు అమ్మను చూసి, "చేతికి ఏమైందండి?" అని నాన్నగారిని అడిగారు. అమ్మ గబుక్కున చెయ్యి కొంగులో దాచుకుంది.

"పని ఎక్కువైందండి," అన్నారు నాన్నగారు. "లేసు పని."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అమ్మ చెయ్యి కొంగులోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.