తోక్తోసున్ అన్నా, రాని వెర్షనూ

మా నారీన్ ఊళ్ళో తోక్తోసున్ అన్నని ఏ పని అడిగినా ఒకటే జవాబు: "కొత్త వెర్షన్ రానీ." ఫొటో అడిగినవాళ్ళకే కాదు, పొయ్యి గొట్టం బాగుచెయ్యమన్న పెళ్ళానికీ అదే. పెళ్ళి విందుకి పిలిచినా ముందు నోటి వెంట అదే వచ్చేది. తర్వాత నాలిక కరుచుకుని, మాంసం చల్లారకముందే హాజరయ్యేవాడు.

ఆయన ఫొటో స్టూడియో, నేను సమాధి రాళ్ళు చెక్కే షెడ్డు ఒకే ప్రహరీలో ఉన్నాయి. ఒక రకంగా పనీ ఒకటే. పోయినవాళ్ళ ఫొటో మొదట ఆయన దగ్గరికి వస్తుంది. మడతలు సాపుచేసి, చిరుగులు పూడ్చి, బతికుండగా ఎన్నడూ వేసుకోని కోటూ టైయీ తొడిగి నాకిస్తాడు. నేను దాన్ని చూస్తూ నల్లరాతి మీద సన్నటి ఉలితో చుక్క చుక్కగా ముఖం దించుతాను. మా శ్మశానంలో గొర్రెల కాపరులందరూ మంత్రుల్లా కనిపిస్తారంటే అది ఆయన చలవే.

మార్చిలో కరెంటు ఒక్కసారిగా ఎగదన్ని ఆయన పాత కంప్యూటర్ కాలిపోయింది. రాజధాని బిష్కెక్‌లో ఉన్న కూతురు కొత్తది పంపింది. సరికొత్త రకం చిప్ దాంట్లో. అన్న పదిహేనేళ్ళుగా ముఖాలు దిద్దుతున్న సాఫ్ట్‌వేర్ మాత్రం అందులో తెరుచుకోలేదు. ఈ చిప్ మీద ఇంకా పనిచేయదనీ, కొత్త వెర్షన్ త్వరలో వస్తుందనీ తెర మీద పడింది.

"త్వరలో అంటే ఎప్పుడన్నా?" అని అడిగాను.

"త్వరలో అంటే త్వరలోనేరా ఎసెన్. అంత పెద్ద కంపెనీవాళ్ళు అబద్ధమాడతారా?"

"అందాకా వేరే సాఫ్ట్‌వేర్ వేసుకోరాదూ?"

"నీ పెళ్ళానికి మోకాళ్ళు పట్టేస్తే వేరే పెళ్ళాన్ని తెచ్చుకుంటావా?"

గోడ అవతల నా పెళ్ళాం గట్టిగా దగ్గింది. ఆ సంగతి నేను అంతటితో వదిలేశాను.

ఎనభై ఆరేళ్ళ కాలిపా అవ్వకి తన రాతిబొమ్మ తానే చూసుకుని పోవాలని కోరిక. వారం వారం వచ్చేది. "ఏరా, నేను పోయేలోగా వస్తుందా నీ వెర్షన్?"

"మీరు తొందరపడకండవ్వా. బొమ్మ లేకుండా వెళ్తే ఇక్కడ మిమ్మల్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

అవ్వ ఆ మాట గట్టిగా పట్టుకుంది. ఏప్రిల్లో ఊపిరితిత్తులకి నెమ్ము చేసి, డాక్టరు పెదవి విరిస్తే, "నా వెర్షన్ ఇంకా రాలేదు" అని లేచి కూర్చుంది.

మే నెలలో మెదెత్ నడుపుతున్న లారీ కొండదారి మీంచి నదిలో పడింది. లారీ దొరికింది. మనిషి దొరకలేదు. రెండు నెలలు ఒడ్డు వెంట వెతికారు. జూలైలో అతని అన్న షేరాలి నా షెడ్డులో ఒక రాయి ఎంచుకుని, తమ్ముడి భార్య అనార్కాన్‌ని వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చాడు. ఆమె సంచిలోంచి ఎవరి పెళ్ళిదో ఒక ఫొటో తీసింది. నలభై మంది జనం. వెనక వరసలో గోరంత మెదెత్ ముఖం.

"ఇంకేం లేవా చెల్లీ? ఫోన్లో అయినా?"

"ఫొటోలు ఎప్పుడూ ఆయనే తీస్తాడన్నా. అందుకే ఎందులోనూ ఉండడు."

"తీసేవాడు," అని షేరాలి సరిదిద్దాడు.

ఆమె తల వంచుకుంది. అన్న ఆమెకేసి కాసేపు చూసి, ఫొటోని జాగ్రత్తగా సొరుగులో పెట్టి, "కొత్త వెర్షన్ రావాలి," అన్నాడు.

షేరాలికి ఒళ్ళు మండింది. "పోయినవాడికి నీ వెర్షన్‌తో ఏం పని? ఏడాది తిరిగేలోగా రాయి నిలబెట్టాలి. నేను ఎక్కడ నిలబడి దువా చెయ్యను? ఆ నది ఒడ్డునా?"

వంతెన దగ్గర ఇంకో స్టూడియో ఉంది. షేరాలి అక్కడికి పోయి అడిగితే, ఇంత చిన్న ముఖాన్ని తోక్తోసున్ తప్ప ఎవరూ పెద్దది చెయ్యలేరని ఫొటో గురించి వినే తిప్పి పంపారు. దాంతో షేరాలి వారానికోసారి వచ్చి అన్నని తిట్టేవాడు, పోతూ పోతూ నన్నూ తిట్టేవాడు. ముఖం లేని రాయి నా షెడ్డులో గోడకి ఆనించి ఉంది. దాని పక్కన కూర్చుని అన్నం తినబుద్ధి అయ్యేది కాదు.

అనార్కాన్ కూడా వచ్చేది, శుక్రవారాలు. "వచ్చిందా అన్నా?" అనేది. "లేదు చెల్లీ," అనేవాడు. ఒక గిన్నెడు టీ తాగి వెళ్ళిపోయేది. పాపం, తిట్టడం చేతకాని మనిషి అనుకున్నాను.

ఆకులు రాలేవేళకి అన్న దగ్గర గిరాకీ పోయింది. వచ్చినవాళ్ళని ఆయనే వంతెన దగ్గరికి పంపేవాడు. దిద్దే పని లేని పాస్‌పోర్టు ఫొటోలతో నెట్టుకొచ్చాడు. పిల్లలు వీధిలో "వెర్షన్ తాతా, వెర్షన్ తాతా" అని వెంటపడేవారు. అన్న నవ్వేవాడు. వదిన మాత్రం నవ్వేది కాదు.

నవంబరులో ఒకరోజు జిగురు డబ్బా కోసం స్టూడియో లోపలికి వెళ్ళాను. అన్న వెనక్కి తిరిగి కూర్చుని ఉన్నాడు. తెర నిండా మెదెత్ ముఖం. కనుబొమల్లో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ శుభ్రంగా తెరుచుకుని ఉంది.

"ఎప్పుడొచ్చింది?"

అన్న ఉలిక్కిపడ్డాడు. "ఆగస్టులో."

"ఆగస్టులోనా! ఊరంతా నిన్ను మొద్దు అంటుంటే, నీ పొయ్యిలో పిల్లి లేవకపోతే, మూణ్ణెల్లుగా నోరు మూసుకున్నావా?"

"ఒక్కరికి చేసిచ్చినా షేరాలికి తెలిసిపోతుందిరా. చిన్న ఊరు." గొంతు తగ్గించాడు. "ఆ పిల్ల ఇంకా అతను ఉన్నట్టే మాట్లాడుతోంది. బావగారి మాటకి ఎదురు చెప్పే ధైర్యం లేదు. కానీ యంత్రం మాటకి బావగారు ఎదురు చెప్పలేడు కదా. షేరాలిది తప్పనను. తోడబుట్టినవాడు పోయిన దుఃఖం వాడిది. కానీ వాడు కొన్నాళ్ళు ఆగగలడు. ఆమెని ముందుకి తొయ్యలేం."

"మరి కాలిపా అవ్వ బొమ్మ?"

"అది ఇచ్చేస్తే ఆవిడ ప్రాణం వదిలేస్తుందిరా!"

ఆ వారం షేరాలి తిట్లకి నేనూ తలొంచుకుని నిలబడ్డాను. "కంపెనీవాళ్ళు ఇంకా పంపలేదట," అని నా వంతు అబద్ధం నేనూ ఆడాను.

చలికాలం గడ్డకట్టి, కరిగింది. నది మళ్ళీ పొంగింది. మెదెత్ రాలేదు, కబురూ రాలేదు. ఏప్రిల్ నెలాఖరున, శుక్రవారం కాని రోజున, అనార్కాన్ ఒక్కతే వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. అన్న టీ పోశాడు. టీ చల్లారిపోయింది.

"రాయి నిలబెడదామన్నా," అంది.

అన్న గొంతు సవరించుకున్నాడు. "మంచి వేళకే వచ్చావు చెల్లీ. ఇవాళ పొద్దున్నే, ఇప్పుడే, కొత్త వెర్షన్..."

"ఆగస్టులో వచ్చిందిగా," అంది అనార్కాన్. "మా పక్కింటి మేష్టారు అప్పుడే చెప్పారు. ఆయన కంప్యూటర్‌దీ ఆ చిప్పేనట."

అన్న ముఖం బీట్‌రూట్ ముక్కలా అయింది. "మరి... మరి ప్రతి శుక్రవారం వచ్చి అడిగేదానివి కదమ్మా?"

"మీరు నాకోసం అంత కష్టపడి అబద్ధమాడుతున్నారు. వినడానికి ఒక మనిషైనా రావాలి కదన్నా."

అన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని, కంప్యూటర్ ఆన్ చేశాడు. తెర మీద మెదెత్ వచ్చాడు. ఎనిమిది నెలలు రోజూ కూర్చుని దిద్దిన ముఖం అది. ఆమె తలగుడ్డ కొంగుతో నోరు నొక్కుకుని ముందుకి వంగింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

చాలాసేపటికి ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"అన్నా, ఈయన మరీ ఇంత అందగాడేం కాదు. ముక్కు కాస్త వంకర చెయ్యండి."