గోచీకట్టు ఏ రాష్ట్రానిది?

మా బడి గోడకు ఒక చార్టు ఉండేది. నందిగామలో పుస్తకాల కొట్టు నుంచి తెచ్చారు. ఒక్కో రాష్ట్రానికి ఒక మగ, ఒక ఆడ బొమ్మ. దేశమంతా అందులో ఉందనేవారు. ఆంధ్రా ఆవిడకు పట్టుచీర, వడ్డాణం, తెల్లటి ముఖం. అలాంటి ఆవిడను నేను జగ్గయ్యపేటలో పెళ్ళిపందిట్లో తప్ప చూడలేదు. మిరపతోటలో అయితే అసలే చూడలేదు.

డెబ్భైల చివర్లో, నేను ఏడో తరగతిలో ఉండగా, ఆగస్టు పదిహేనుకు ఆ చార్టును స్టేజీ ఎక్కిద్దామనుకున్నారు. ఎవరి బట్టలు వాళ్ళే తెచ్చుకోవాలి. నేను ఆంధ్రా వేషం అడిగాను. పెనుగంచిప్రోలు నుంచి మా నాయనమ్మ తన నేతచీర పట్టుకొని వచ్చి, తను కట్టుకునేట్టే గోచీ పోసి నాకు కట్టింది. ఆ కట్టుతోనే ఆమె నాట్లు వేసింది, కోతలు కోసింది, మా నాన్నను చంకనేసుకొని మునేరు దాటింది.

"కొంగు బిగించి దోపుకోవే, జారదు," అంది.

టీచరుగారు నన్ను చూశారు, చార్టును చూశారు. "ఇది మహారాష్ట్ర కట్టమ్మా."

"మా నాయనమ్మ కట్టేది ఇదేనండీ."

"బొమ్మలో చూడు మరి."

చూశాను. మొత్తం చార్టులో గోచీ పోసిన ఆడమనిషి ఒక్కతే, మహారాష్ట్ర ఆవిడ. ఆంధ్రా అని రాసిన అట్ట పట్టుచీర ఉన్న అమ్మాయికి ఇచ్చారు, మహారాష్ట్ర అట్ట నా చేతికిచ్చి స్టేజీ ఎక్కించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. టీచరుగారిది దుర్మార్గమేమీ కాదు, అచ్చులో ఉన్నది నమ్మారు, అంతే. అందుకే ఎవర్ని తిట్టాలో కూడా తెలియలేదు.

నాయనమ్మ ముందు వరుసలో చాప మీద కూర్చుని చప్పట్లు కొట్టింది. తన కట్టు స్టేజీ ఎక్కిందని మురిసిపోయింది. ఇంటికి వెళ్తుంటే అడిగింది.

"నీ అట్ట మీద మన రాష్ట్రం పేరేగా రాసింది?"

"కాదు నాయనమ్మా. మహారాష్ట్ర అని."

ఆగి, తన చీరకేసి చూసుకుంది. "మరి మన రాష్ట్రం ఏ పిల్లే?"

పట్టుచీర అమ్మాయి గురించి చెప్పాను. "ఓహో, ఆ పిల్లా," అని మళ్ళీ నడక సాగించింది. నోరున్న మనిషి, బడినంతా కడిగేస్తుందనుకున్నాను. నాకు దిగులేసింది.

దసరాకు వచ్చినప్పుడు, బస్సు దిగుతున్న నాయనమ్మను నేను గుర్తుపట్టలేదు. గోచీ తీసేసి కుచ్చిళ్ళు పోసుకుంది. చీర కాళ్ళకు అడ్డం పడుతుంటే చేత్తో ఎత్తి పట్టుకొని, తడుముకుంటూ దిగింది.

"ఇప్పుడు మనవాళ్ళలాగా ఉన్నానా?" అని అడిగింది.