ఎనిమిదో గణుపు దాకా

పోయిన నెల ఒకరోజు పొద్దున మిర్యాలగూడ నుంచి సార్ భార్య, మా మేడం ఫోన్ చేసి, "మీ సారు పోయిన్రు బిడ్డా" అన్నారు. కోదాడలో మాకు డిగ్రీలో జువాలజీ చెప్పిన సార్ ఆయన. ఇవాళ సూర్యాపేటలో నేను అదే పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే ఆయన చలవే. నాలుగు మంచి మాటలు రాయమని పాత మిత్రులు అడిగారు. నా తప్పు చెప్పకుండా ఆ మాటలు రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు.

సార్ మెడలో బూటు లేసుకు కట్టిన భూతద్దం ఒకటి ఎప్పుడూ వేలాడేది. పెళ్లి భోజనాల్లో కూడా తీసేవారు కాదు, మేడం ఎంత విసుక్కున్నా సరే. రైసుమిల్లుల వాళ్ల పిల్లలతో అగ్గిపెట్టెల్లో ముక్కు పురుగులు తెప్పించేవారు. "గింత పురుగుకు గంత ముక్కేందో సూడుండ్రి" అని మాకంటే ముందు తనే మురిసిపోయేవారు.

రిటైరై మిర్యాలగూడ చేరాక ఆయనకు గుజరాత్ బొగ్గు గనుల నుంచి ఒక స్నేహితుడు కొన్ని అంబర్ ముక్కలు తెచ్చిచ్చాడు. కోట్ల ఏళ్ల కిందటి చెట్టు బంక గట్టిపడి రాయిలా అయినవి, చూడడానికి మన తుమ్మబంకే. సార్ రత్నాల వ్యాపారం పెట్టారని పక్కింటివాళ్లు కొన్నాళ్లు అనుకున్నారు. ఒక ముక్కలో నువ్వుగింజంత పెంకు పురుగు ఉంది. అలాంటిదాని గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదన్నారు సార్. ఒక్కో భాగం కొలిచి, బొమ్మ గీసి, వర్ణన రాయాలి. ఆయన పద్ధతి ఒకటే: "కండ్లకు కనపడ్డదే గీతల పెట్టాలె. కనపడనిది సుక్కల పెట్టాలె."

పురుగు కుడి మీసం తల కింద మడతపడి ఉంది. పురుగు జాతి తేలాలంటే మీసం గణుపులు లెక్కపెట్టాలి, దానికి ఎడమ మీసమే దిక్కు. దాని కొస మీద అంబర్ మసకగా ఉంది. తడి గరుకు కాగితం మీద రుద్ది ఆ మసక తీసే పని సార్ నాకిచ్చారు. ఆయన చేతులు అప్పటికే వణుకుతున్నాయి.

"పదిసార్లు రుద్దు, ఒకసారి సూడు. తొందరేం లేదు" అని చెప్పి భోజనానికి లోపలికి వెళ్లారు.

ఇంతలో నాకు ఫోన్ వచ్చింది. బామ్మర్ది, ఏదో ప్లాటు సంగతి. ఫోన్ భుజానికి, చెవికి మధ్య ఇరికించుకుని మాట్లాడుతూ రుద్దుతూనే ఉన్నాను. పెట్టేసి చూసేసరికి మీసం లేదు. మొదలు దగ్గర చిన్న మొటిమ మిగిలింది.

సార్ చెయ్యి కడుక్కుని వచ్చారు. "ఎడమ మీసం ముందు నుంచే లేదనుకుంట సార్. అంబర్ పగిలినప్పుడే పోయుంటది" అన్నాను. మైక్రోస్కోపులో చాలాసేపు చూశారు. "సరే. ఉన్నదే రాద్దాం" అన్నారు.

రెండేళ్ల కిందట ఆ వర్ణన ఒక సైన్సు పత్రిక నుంచి అచ్చుకు సిద్ధమై వచ్చింది. ఆయన పేరు పక్కన నా పేరు ఉంది. ఎడమ మీసం దగ్గర చుక్కలు, కింద ఇంగ్లీషులో ఒక వాక్యం: సాన పట్టేటప్పుడు మొదటి రచయిత చేతిలో అరిగిపోయింది. మొదటి రచయిత అంటే సార్.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశారు. "మొత్తం సదివినవా?"

"చదివిన సార్."

"ఏమన్న మార్చాల్నా?"

"ఏం లేదు సార్" అన్నాను. ఆయన "మంచిది" అని పెట్టేశారు. చెప్పడానికి ఆ తర్వాత రెండేళ్లు ఉన్నాయి. మిర్యాలగూడ ఎన్నిసార్లు పోలేదు నేను, ఎన్నిసార్లు ఆ ఇంట్లో టీ తాగలేదు.

పెద్దకర్మ నాడు మేడం ఒక నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "నీకే ఇయ్యమన్నరు" అన్నారు. తెరిస్తే ఆ పురుగు బొమ్మ. నాకు ముక్క ఇవ్వకముందు గీసింది. ఎడమ మీసం నిండు గీతలతో ఉంది. గణుపు గణుపుకూ పెన్సిలుతో చిన్న అంకెలు వేసుకుంటూ వచ్చి, ఎనిమిది దగ్గర ఆగారు. అక్కడి నుంచి కొస దాకా చుక్కలు పెట్టి, పక్కన సన్నగా రాసుకున్నారు: "మిగతావి పిల్లగాడు రుద్దినంక."