ఎఫీ ఎత్తిన చెయ్యి

డ్రమ్లీ రోవర్స్ ఫుట్‌బాల్ క్లబ్బు మూతపడ్డాక మా ఊళ్ళో ఏడవనివాళ్ళు లేరు. కానీ ఎఫీ ఏడుపు వేరు. క్లబ్బు పోయినందుకు ఎంత ఏడ్చిందో, ఆ పోయింది తన బావ పేరు మీద పోయినందుకు అంతకు రెట్టింపు ఏడ్చింది. ఈ మాట ఆమె ముందు అంటే మొహాన తలుపేస్తుంది. అందుకే వెనకాల చెప్పుకోవాల్సి వస్తోంది.

ఎఫీ పుట్టింది గోల్‌పోస్టు వెనక వీధిలో. శనివారాలు బంతి గోడ దాటి వాళ్ళ పెరట్లో పడితే, ఉతికి ఆరేసిన దుప్పట్ల మీద బురద మచ్చ పడేది. వాళ్ళమ్మ ఆ మచ్చను, క్లబ్బును, మొగుణ్ణి కలిపి తిట్టేది. వాళ్ళ నాన్న బొగ్గు గనిలో మనిషి. శనివారం మధ్యాహ్నం పైకొచ్చి, మొహం కడుక్కున్నాననిపించుకుని, ఎఫీ చెయ్యి పట్టుకుని గ్రౌండుకు బయల్దేరేవాడు. గేటు దగ్గర తిరిగే ఇనుప కమ్మీల మీదుగా పిల్లల్ని ఎత్తి అవతల దింపితే టిక్కెట్టు అక్కర్లేదు. గేటు మనిషి చూసీ చూడనట్టు ఊరుకుంటాడు, అది మా దగ్గర ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. ఎఫీ ఎంత ఎదిగినా నాన్న ఎత్తుతూనే ఉన్నాడు. చివరికి గేటు మనిషే, ఇంకొన్నాళ్ళు పోతే ఆ పిల్లే నిన్ను ఎత్తి దింపుతుంది, ఇకనైనా టిక్కెట్టు కొనవయ్యా అన్నాడు.

అక్క నెట్టాకు చలి పడదు, బురద పడదు, అరుపులు అసలే పడవు. ఒక్కసారైనా గ్రౌండుకు రాలేదు.

ఒక ఏడు గాలివానకు స్టాండు కప్పు లేచిపోయి సముద్రంలో పడింది. కొత్త కప్పు వేయించడానికి క్లబ్బు ఊరివాళ్ళకు వాటాలు అమ్మింది. ఎఫీ నాన్న ఒక్క వాటా కొన్నాడు. ఓడబొమ్మ, తిస్టిల్ అనే ముళ్ళపువ్వు ముద్ర ఉన్న దళసరి కాగితం ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి పొయ్యిగూటి పైన తగిలించాడు. వారానికోసారి దాని అద్దం తుడిచే పని ఎఫీది. నాన్న తర్వాత అది తనదేనని ఆమె అనుకుంది. ఆ మాట ఎవరూ ఆమెతో అనలేదు. అనాల్సిన అవసరం ఉందని ఆమెకూ తోచలేదు.

నెట్టా ఫెర్గస్‌ను చేసుకుంది. ఫెర్గస్‌ది బాల్‌మోర్, అంటే పక్కూరు, అంటే మాకు పడని ఊరు. గ్యాస్ కంపెనీలో ఉద్యోగం. పెళ్ళికి నెల ముందు వరకూ మెడలో బాల్‌మోర్ జట్టు మఫ్లరే ఉండేది. పెళ్ళి విందులో అందరూ తిని, తాగి, కుర్చీలు వెనక్కి లాక్కున్న వేళ, నాన్న లేచి నిలబడి కుర్చీ వెనక నుంచి ఆ ఫ్రేము తీశాడు. ఇదిగో అల్లుడూ, ఇవాళ్టి నుంచి నువ్వు మావాడివి అని ఫెర్గస్ చేతుల్లో పెట్టాడు. హాలంతా చప్పట్లు. ఎఫీ కూడా కొట్టింది. తర్వాత వంటగదిలోకి పోయి గ్లాసులన్నీ కడిగింది. ఎవరూ ముట్టుకోని గ్లాసులు కూడా కడిగింది.

కడుపులో మంట ఆ రోజు రాజుకున్నదే. మళ్ళీ ఆరలేదు.

వాటా ఉన్నవాళ్ళకు మా క్లబ్బులో ఒక మర్యాద ఉండేది. ఏడాదిలో ఆఖరి ఆట రోజున వాళ్ళు కమ్మీల గేటులోంచి కాదు, పక్కనున్న చిన్న ఆకుపచ్చ తలుపులోంచి లోపలికి పోవచ్చు. సగం ఆటప్పుడు డైరెక్టర్ల గదిలో కూర్చుని పింగాణీ కప్పులో టీ, పింగాణీ ప్లేటులో మటన్ పై, అంటే మాంసం కూరి కాల్చిన రొట్టె, తినవచ్చు. ఆ గదిలో టీ పోసేది ఎవరు? ఎఫీయే. వారమంతా బేకరీలో పిండి పిసికి, శనివారాలు జీతం లేకుండా క్లబ్బులో టీ పెట్టేది. ఏటా ఫెర్గస్ ఆకుపచ్చ తలుపులోంచి వచ్చి, కోటు విప్పి, కప్పు ముందుకు జరిపి, రెండు చెంచాలు ఎఫీ అనేవాడు. ఆమె రెండు చెంచాల పంచదార వేసేది. అందులో ఇంకేదైనా కలపాలని ఎన్నిసార్లు అనిపించిందో దేవుడికే తెలియాలి.

మటన్ పై ఎలా తినాలో కూడా రాదు అతనికి. చేత్తో పట్టుకుని, రసం మోచేతి దాకా కారుతుంటే తినాల్సిన దాన్ని ఫోర్కుతో పొడుచుకుని తింటాడు. ఎఫీ ఈ సంగతి బేకరీలో ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు.

అసలు చిక్కేమిటంటే ఫెర్గస్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైనా బాగుండేది, కడుపారా తిట్టుకోవచ్చు. మామగారు పోయాక కూడా వానలో, మంచులో, చిత్తుగా ఓడిపోయే ఏళ్ళలో కూడా ఒక్క ఆట మానలేదు. మా పాటలన్నీ నేర్చుకున్నాడు. రాగం తప్పుగా పాడేవాడు గాని గొంతు చించుకుని పాడేవాడు. ఎఫీ అదీ క్షమించలేదు. వాడికెందుకు మా పాటలు, వాళ్ళ ఊళ్ళో పాటల్లేవా అనేది.

తర్వాత బ్రోడీ అనే ఆసామి దిగాడు. వెండిరంగు కారు, తెల్లటి పళ్ళు. క్లబ్బును నా చేతుల్లో పెట్టండి, కొత్త స్టాండు కట్టిస్తా, పైమెట్టు లీగులో కూర్చోబెడతా అన్నాడు. ఇష్టమైనవాళ్ళు చెయ్యెత్తాలన్నారు. వాటాకాగితం ఉన్నవాళ్ళంతా ఆ డైరెక్టర్ల గదిలోనే కూర్చున్నారు. ఎఫీ వెనక టీ కెటిలు పట్టుకుని నిలబడింది. ఫెర్గస్ ముందు అటు చూశాడు, తర్వాత ఇటు చూశాడు, తర్వాత చెయ్యెత్తాడు. ఎఫీ అది కళ్ళారా చూసింది. ఆ రోజు బ్రోడీ సాసర్లో రెండు క్రీము బిస్కెట్లు ఎక్కువ పెట్టింది కూడా ఎఫీయే, కానీ ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు.

బ్రోడీ మూడేళ్ళలో గ్రౌండును తన ఇంకో కంపెనీకి తానే అమ్ముకుని, ఆ గ్రౌండుకే క్లబ్బు చేత అద్దె కట్టించాడు. ఆటగాళ్ళకు జీతాలు ఆగాయి. పన్ను ఎగ్గొట్టాడు. ఒక శనివారం ఎఫీ వేడి వేడి మటన్ పైల ట్రేతో వచ్చేసరికి గేటుకు గొలుసు, దానికో తాళం. జనం చలిలో గుంపుగా నిలబడి ఆ తాళం వంకే చూస్తున్నారు. ఎఫీ ట్రే కింద పెట్టలేదు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పై పెట్టుకుంటూ పోయింది. చావింట్లో పంచినట్టే పంచింది. ఫెర్గస్ దగ్గరికొచ్చేసరికి అయిపోయాయంది. ట్రేలో ఇంకా రెండున్నాయి.

అప్పటి నుంచి ఆమె నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. ఆ కాగితం నాదైతే చెయ్యి నరుక్కునేదాన్ని గాని ఎత్తేదాన్ని కాదు అని బేకరీలో, బస్టాపులో, చర్చి మెట్ల మీద చెప్పింది. ఊరు తలూపింది. ఊరికి కూడా ఎవరో ఒకరు దొరకాలిగా.

ఇంతలో పేపరువాళ్ళు వచ్చారు. ఎవరింటికి? ఫెర్గస్ ఇంటికి. ఫ్రేము ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్న ఫెర్గస్ బొమ్మ, కింద 'గుండె పగిలిన వాటాదారు' అని పెద్ద అక్షరాలు. ఎఫీ ఆ పేపరు చూసి ఆ రోజంతా అన్నం ముట్టలేదు. పుట్టినప్పటి నుంచి ఆ గోడ పక్కన బతికినదాని గుండె పగల్లేదుట, బాల్‌మోర్ నుంచి వచ్చినవాడి గుండె పగిలిందట. ఆఖరికి ఏడుపు కూడా వాడి వాటాకే పోయిందని ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

పేపర్లో బొమ్మ పడ్డాక ఫెర్గస్‌కు ఊళ్ళో తలెత్తుకోవడం కష్టమైంది. మాంసం కొట్టువాడు, చెయ్యెత్తిన దొరగారికి ఏం కావాలి అని అడిగాడట. ఫెర్గస్ ఇల్లు కదలడం మానేశాడు.

అలాంటి ఒక ఆదివారం నెట్టా చెల్లెల్ని భోజనానికి పిలిచింది. మాంసం, బంగాళదుంపలు తిన్నాక ఫెర్గస్ గొంతు సవరించుకున్నాడు. బుధవారం గని కార్మికుల హాల్లో వాటాదార్లకు ఆఖరి సమావేశం ఉందిట. మోకాలు నొప్పిగా ఉంది, రాలేను, నా బదులు నువ్వెళ్ళి ఓటెయ్యి, అలా వేరేవాళ్ళను పంపుకోవచ్చు అన్నాడు.

"మోకాలా, మొహమా బావా?" అంది ఎఫీ.

ఫెర్గస్ బల్లగుడ్డ ముడత సరిచేశాడు. "మొహమే," అన్నాడు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. ఇంకో నాలుగు మాటలు నాలుక చివర సిద్ధంగా పెట్టుకునుంది. అప్పుడు ఫెర్గస్ ఇన్నేళ్ళలో ఎన్నడూ చెప్పని మాట చెప్పాడు. పెళ్ళినాటి రాత్రి మామగారు తనను పక్కకు పిలిచి, ఇది ఎఫీకి ఇవ్వాల్సింది, కానీ దానికి అక్కర్లేదు, అది ఎలాగూ ఇక్కడిదే, నువ్వు ఇక్కడివాడివి కావాలంటే నీకు కాగితం కావాలి అన్నాడట.

నెట్టా చెల్లెలి మొహం వంక ఆశగా చూసింది. ఈ మాటతో చెల్లెలు కరిగి నీరవుతుందనీ, ఇద్దరూ ఇక సర్దుకుపోతారనీ ఆమె అనుకుని ఉంటుంది పాపం.

"నాకు అక్కర్లేదని ఎవరు చెప్పారు నాన్నకి?" అంది ఎఫీ. "నన్నడిగాడా? ఆ అద్దం తుడిచింది నేను. నాకు కావాలి. అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి."

ఫెర్గస్ లేచి, కుంటకుండానే నడిచి, గోడ మీది ఫ్రేము దించి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. గోడ మీద ఆ మేరకు రంగు వెలిసిపోకుండా కొత్తగా మిగిలింది. ఓటు కోసం నువ్వు సంతకం పెట్టిన చీటీ ఇస్తే చాలు, ఫ్రేమెందుకంది నెట్టా మొగుడితో. ఎఫీ వినిపించుకోలేదు.

బుధవారం ఆమె చర్చికి వేసుకునే కోటు వేసుకుని, ఫెర్గస్ సంతకం పెట్టిన చీటీ జేబులో, ఫ్రేము చంకలో పెట్టుకుని హాలుకు పోయింది. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దమనిషి ఆమెను చూసి, టీ గది అటువైపు ఎఫీ అని చెయ్యి చూపించాడు.

"ఇవాళ టీ ఇంకెవర్నన్నా పెట్టుకోమనండి," అంది ఎఫీ. ఫ్రేము అతని మొహానికి ఎదురుగా పట్టింది. అతను పక్కకు తప్పుకున్నాడు.

ముందు వరసలో కూర్చుంది. ఎవరో ఆమెకు టీ తెచ్చి ఇచ్చారు. టీ నీళ్ళలా ఉంది. అయినా కప్పు ఖాళీ చేసింది. ఆ నిమిషాన ఆమె అనుభవించిన సుఖం ఇంతా అంతా కాదు. వెనక నిలబడ్డ జనం తన వీపు వంక చూస్తున్నారని తెలిసి, ఇంకొంచెం నిటారుగా కూర్చుంది.

క్లబ్బు లెక్కలు తేల్చడానికి నగరం నుంచి వచ్చినావిడ లేచింది. మెల్లగా, స్పష్టంగా చెప్పింది. క్లబ్బు పేరు మీదున్న ఈ పాత కంపెనీ బతికున్నంత కాలం బ్రోడీ పీడ వదలదు. దీన్ని మూసేస్తే అభిమానులంతా కలిసి, అదే పేరుతో, మనిషికో ఓటు చొప్పున కొత్త క్లబ్బు పెట్టుకోవచ్చు. కాకపోతే మూసేది మీరే, వాటాదార్లే మూయాలి. మూయడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి.

ఎఫీకి అప్పటిదాకా ఓటు అంటే ఓటనే తెలుసు. దేనికో ఫెర్గస్ చెప్పలేదు, ఆమె అడగలేదు. అడిగేంత స్థిమితం ఎక్కడిది, ఫ్రేము చేతికొచ్చిందన్న సంబరంలో. జీవితమంతా ఎత్తాలనుకున్న చెయ్యి ఇప్పుడు ఎత్తమంటున్నారు, అదీ ఇందుకు. నరుక్కుంటాను గాని ఎత్తనని చర్చి మెట్ల మీద చెప్పిన చెయ్యి ఒళ్ళో, ఫ్రేములోని ఓడబొమ్మ మీద పడుంది. ఆమె అటు చూసింది. మాంసం కొట్టువాడి తండ్రి, ముసలాయన, చెయ్యెత్తి ఉన్నాడు. ఇటు చూసింది. అందరూ ఎత్తారు. ఎత్తక తప్పదని ఆమెకు తెలుసు. ఎత్తడమే మంచిదని కూడా తెలుసు. బ్రోడీ రోజున ఆ గదిలో ఉన్నవాళ్ళకు కూడా అలాగే అనిపించి ఉంటుందని అప్పుడు తెలిసింది.

చెయ్యెత్తింది. ఆవిడ కలంతో లెక్కపెట్టుకుంటూ ఆమె దగ్గర కూడా ఒకసారి తలూపి ముందుకు పోయింది. అంతే. నాన్న తనను కమ్మీల మీదుగా ఎత్తి దింపిన క్లబ్బు అయిపోయింది.

సాయంత్రం ఫెర్గస్ తన ఇంటి వంటగదిలో కాచుకుని కూర్చున్నాడు. ఆమె రాగానే లేచి తనే టీ పెట్టాడు. పంచదార ఎన్ని చెంచాలని అడిగాడు. ఇన్నేళ్ళకు అడిగావు, నేను పంచదార వేసుకోను అంది ఎఫీ.

అందరూ ఎత్తారా అన్నాడు. అందరూ ఎత్తారంది.

"నువ్వూ?"

"ముందు అటూ ఇటూ చూశాను," అంది ఎఫీ. "తర్వాత ఎత్తాను."

ఫెర్గస్ సంతోషించలేదు, నీకూ తెలిసొచ్చిందా అని దెప్పలేదు. దెప్పినా బాగుండును. ఫ్రేము కోసం చెయ్యి చాపాడు. గోడ బోసిగా ఉంది, మళ్ళీ తగిలిస్తానన్నాడు.

ఎఫీ ఇవ్వలేదు. ఇది ఇక నా దగ్గరే ఉంటుందంది.

"అదిప్పుడు చిత్తుకాగితం, ఎఫీ."

"చిత్తుకాగితమేగా బావా. ఇవ్వడానికి నీకేం బాధ?"

ఫెర్గస్ సరే, ఉంచుకో అన్నాడు. నోరు సరే అంది గాని కళ్ళు ఆ ఫ్రేమును వదల్లేదు. ఆమె చేతుల్లో అది ఎటు కదిలితే అటే తిరిగాయి. ఆ చూపు ఎఫీకి కొత్త కాదు. పెళ్ళి విందు నుంచి మొన్న ఆదివారం దాకా తను అతన్ని చూసిన చూపే అది. ఎదుటి మొహంలో అదెలా ఉంటుందో ఆమె ఇప్పటిదాకా చూడలేదు.

ఇచ్చేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఫ్రేమును గుండెకు ఆనించుకుని, పైనుంచి కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంది.