మా ముత్తాత డాలు

ఆ రోజుల్లో వరంగల్ బజారులో దుకాణం ఎంత చిన్నదైతే ఆ ఇంటి ముత్తాత అంత పెద్దవాడు. మూడు మూరల కొట్లో ఉప్పూ చింతపండూ అమ్ముకునే మనిషిని కదిపినా, వాళ్ల ముత్తాత ఏనుగు మీద వచ్చి కోటలో దిగినవాడే అయ్యేవాడు. (గుర్రం మీద వచ్చినవాళ్లు కూడా కొందరున్నారు గానీ, వాళ్లను బజారు అంతగా లెక్కచేసేది కాదు.) ఇప్పుడు ఎవరైనా మీ ముత్తాత ఏం చేసేవాడని అడిగితే పేరు దగ్గరే తడుముకుంటాం. అప్పుడు పేరూ, పనీ, మీసం పొడవూ అన్నీ నోటికి వచ్చేవి. కాగితం మీద మాత్రం ఏదీ ఉండేది కాదు, ఉండాలని ఎవరూ అనుకోలేదు కూడా.

మా ముత్తాత కిల్లేదారు, అంటే కోటకు పెద్ద. ఈ సంగతి చెప్పింది మా పెద్దనాయన. నాన్న నా చిన్నప్పుడే పోవడంతో నన్ను పెంచి బి.ఏ. దాకా చదివించింది ఆయనే కనుక, ఆయన మాట నాకు వేదవాక్కు. పైగా సాక్ష్యం ఉంది. దేవుడి గూటి పక్కన మేకుకు వేలాడే గుండ్రటి కంచు డాలు. ఏటా దసరాకు పెద్దమ్మ దాన్ని చింతపండుతో తోమి తళతళలాడించేది. పెద్దనాయన బజారు వాళ్లందరినీ పిలిచి, డాలుకు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టేవాడు. కత్తి ఏదని ఎవరైనా అడిగితే యుద్ధంలో పోయిందనేవాడు. డాలు నడుమ గుప్పెడంత మేర సొట్టలు పడి ఉండేవి. అవి శత్రువుల దెబ్బలు. దెబ్బలన్నీ ఒక్కచోటే ఎట్లా పడ్డాయని పదేళ్లప్పుడు అడిగాను. "మీ ముత్తాత గంత సూటిగ అడ్డం బెట్టేటోడు రా" అన్నాడు పెద్దనాయన, రవ్వంత కూడా తడబడకుండా.

నేను బి.ఏ. పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఏడాది, అరవై ఒకటో రెండో అయి ఉంటుంది, బజారు వ్యాపారులంతా కలిసి స్టేషన్ దారిలో ఒక సత్రం కట్టించారు. హాల్లో నల్లరాతి పలక పెట్టి, ఒక్కో ఇంటి పెద్ద పేరూ ఆయన చేసిన పనీ చెక్కించాలనుకున్నారు. తీరా జాబితా రాస్తే ఒకే కోటకు ఒకే కాలంలో నలుగురు కిల్లేదార్లు తేలారు. కమిటీలో పెద్ద రభస అయింది. చివరికి బెల్లం మామ లేచి, "నోటి ముచ్చట్లు బంజేయిన్రి. సర్కారు కాగితం తెచ్చినోని పేరే చెక్కుదాం" అని అందరినీ ఒప్పించాడు. బెల్లం మామ అంటే మా ఇంటి ముందరి కొట్టుకు ఎదురు దుకాణం ఆయన. మాకు చుట్టమేమీ కాదు. పంచాంగం చూడనిదే బెల్లం దిమ్మ పగలగొట్టడు, క్షవరం చేయించుకోడు. పెద్దనాయనకూ ఆయనకూ చిన్ననాటి నుంచి ఎంత స్నేహమో అంత పోటీ.

పెద్దనాయన ఏమాత్రం జంకలేదు. "మా బియ్యే ఉన్నడు. ఉర్దూ సదివినోడు. తెస్తడు" అన్నాడు సభలోనే. నా ఉర్దూ సంగతి ఇక్కడ చెప్పాలి. సర్కారు మారేదాకా బడిలో నేర్చిందే అంతా. అచ్చులో ఉంటే అక్షరాలు గుర్తుపట్టగలను. సర్కారు కచేరీలోని చేతిరాతలు అట్లా ఉండవని నాకు తెలియదు. అక్కడి రికార్డు గదిలో ఎర్రగుడ్డలో కట్టిన మొదటి కాగితాల బస్తా విప్పి చూస్తే, సిరాలో మునిగిన చీమలు కాగితం మీద పరుగెత్తినట్టుంది. నాలుగు రోజులు దుమ్ము మింగి, తుమ్ములు తప్ప ఏమీ సాధించలేక, బయట చింతచెట్టు కింద అర్జీలు రాసే ముసలి మున్షీ సాబ్ కాళ్లు పట్టుకున్నాను. ఆయన ఒకప్పుడు ఆ గదిలోనే పనిచేసి రిటైరైనవాడు. దారంతో చెవికి కట్టుకున్న కళ్లద్దాలు సర్దుకుని, "బేటా, ఫికర్ జెయ్యకు. మీ దాదా ఇందుల ఉంటే నేను దొర్కవడ్త" అన్నాడు.

పదకొండు రోజులు పట్టింది. రోజూ ఆయన చదువుతుంటే నేను తెలుగులో రాసుకునేవాణ్ని. కిల్లేదార్ల జాబితాలో మా ముత్తాత లేడు. సిపాయిల్లో లేడు. కడకు అంగడి పనివాళ్ల బస్తాలో దొరికాడు. పేరూ, తండ్రి పేరూ, ఇంటి హద్దులూ అన్నీ సరిపోయాయి. పని: అంగడి దర్వాజా దగ్గర గడియలు కొట్టడం. అంటే గడియారాలు లేని కాలంలో తొట్టినిండా నీళ్లు పెట్టుకుని, అందులో అడుగున సన్నటి బెజ్జమున్న రాగి గిన్నె వదిలి, దానికేసి చూస్తూ కూర్చోవడం. నీళ్లెక్కి గిన్నె మునిగితే ఒక గడియ, అంటే ఇరవై నాలుగు నిమిషాలు, అయినట్టు. వెంటనే జేగంట మోగించి, గిన్నె తీసి మళ్లీ వదలాలి. మా వంశకర్త జీవితమంతా గిన్నె మునగడం చూస్తూ గడిపాడు. అదే బస్తాలో ఇంకో కాగితం కూడా దొరికింది. అది ఆయన మీద ఫిర్యాదు. రెండూ రాసుకున్నాను.

మున్షీ సాబ్ బస్తా కట్టేస్తూ, "ముందుగాల ఇంట్ల సూపెట్టు బేటా. మీ పెద్దాయన ఒక్కడున్నప్పుడు సూపెట్టు" అన్నాడు. నేను తలూపాను. ఊపానే గానీ, ఇరవై రెండేళ్ల వాడికి పదకొండు రోజుల పరిశోధన చేతిలో ఉంటే కాళ్లు ఇంటివైపు నడుస్తాయా? ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. తిన్నగా అక్కడికే పోయాను. పెద్దనాయన నన్ను చూసి ఇస్త్రీ కండువా సర్దుకున్నాడు. "సదువు రా, అందరు ఇంటరు" అన్నాడు.

చదివాను. గొంతు సవరించుకుని, కాలేజీలో మా లెక్చరర్ లాగా ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని మరీ చదివాను. అంగడి దర్వాజా, గడియలు కొట్టే పని, ముప్పై ఏళ్ల నౌకరీ. జీతం బదులు మామూలు: రోజూ పొద్దున ఒక్కో దుకాణం నుంచి పిడికెడు గింజలు. అప్పగించిన సామాను: రాగి గిన్నె ఒకటి, కొయ్య సుత్తె ఒకటి, వేలాడదీసే కంచు పళ్లెం ఒకటి. ఆ కంచు పళ్లానికి ఏటా దసరాకు అందరూ దండం పెట్టినవాళ్లే. "అంటే ఇన్నేండ్ల సంది మేం గంటకు మొక్కినమా, పెద్దన్నా?" అన్నాడు బెల్లం మామ. ఇక నవ్వు చూడాలి. నేనూ నవ్వాను. సొట్టల రహస్యం తేలిపోయిందన్న సంబరంలో అందరికంటే ఎక్కువ నవ్వాను. మెచ్చుకుంటాడేమోనని పెద్దనాయన వైపు తిరిగితే, ఆయన తల వంచుకుని ఒళ్లో కండువాను మడతపెడుతున్నాడు. విప్పి మళ్లీ మడతపెడుతున్నాడు. "మా ఇంట్ల చెయ్యి చాపినోడు పుట్టలే" అని రోజుకోసారి చెప్పుకునే మనిషి. పిడికెడు గింజల మాట నేను రెండుసార్లు చదివాను, వెనక కూర్చున్నవాళ్లకు వినిపించలేదేమోనని.

మూడు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. డాలు దించి బియ్యం బస్తాల వెనక పెట్టాడు. పెద్దమ్మ మాత్రం నా కంచంలో అన్నం వడ్డిస్తూ, "ఇంటికొచ్చి సెప్తే ఏమాయెరా బిడ్డా" అంది. ఆ పూట కంచంలోనే చెయ్యి కడుక్కున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం, గిరాకీ లేనప్పుడు, పెద్దనాయనే కదిలించాడు.

"ఎన్నేండ్లు కూసున్నడన్నవ్?"

"ముప్పై ఏండ్లు, పెద్దనాయనా."

"అన్నేండ్లల ఎన్నిసార్లు కునికిండు?"

"ఒక్కసారే. ఫిర్యాదు ఒక్కటే ఉన్నది."

ఆయన కాసేపు లెక్కవేసుకున్నాడు. "నేను గీ గల్లా కాడ దినాం కునుకుతాన" అన్నాడు. తరువాత నవ్వాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో, కమిటీలో చదవకుండా మిగిలిన రెండో కాగితం తీసి చదివాను. గడియలు కొట్టేవాడు కునికినందువల్ల గిన్నె రెండుసార్లు మునిగిన లెక్క తప్పిందనీ, తమ అబ్బాయి పెళ్లి ముహూర్తం దాటిపోయాక జరిగిందనీ ఫిర్యాదు. రాయించింది బెల్లం మామ ముత్తాత. ఆ పెళ్లికొడుకు బెల్లం మామ తాత. పంచాంగం లేనిదే క్షవరమైనా చేయించుకోని ఇంట్లో అసలు పెళ్లే వర్జ్యంలో జరిగిందన్నమాట. పెద్దనాయన గల్లా మీద చెయ్యి కొట్టి నవ్వాడు. "రేపు కమిటీల సదువుత" అన్నాను నేను. (చూశారా, నాలుగు రోజుల్లో నేర్చుకున్నది ఏమీ లేదు.)

ఆయన నవ్వు ఆపి ఎదురు దుకాణం వైపు చూశాడు. అరుగు మీద బెల్లం మామ నాయనమ్మ కూర్చుని ఉంది. తొంభై ఏళ్ల మనిషి. ముప్పై దాటకముందే భర్త పోతే, పిల్లల్ని పెట్టుకుని ఆ దుకాణాన్ని నిలబెట్టింది ఆమేనని బజారంతా చెప్పుకునేది.

"ఆ పెండ్లి పిల్ల గా అవ్వనే" అన్నాడు పెద్దనాయన. "అప్పుడామెకు పదేండ్లు. ముహూర్తం తప్పిందని ఎవ్వలు జెప్పలే. ఇప్పుడు జెప్తె ఏమైతదో ఎర్కేనా? నా పెనిమిటి గందుకే పోయిండని ఈ వయసుల కూసోని ఏడుస్తది. వద్దు రా. నువ్వు సదివినవ్, నేనిన్న. అయిపోయింది."

కాగితం నా చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టి పెద్దమ్మకు ఇచ్చాడు. అది పొయ్యిలోకి పోయింది. ఆ సాయంత్రం ఆయనే శిల్పి దగ్గరికి వెళ్లి మా ముత్తాత పేరు కింద 'అంగడికి గడియలు కొట్టినవాడు' అని చెక్కమన్నాడు. తక్కిన ముగ్గురు కిల్లేదార్లకు కాగితాలు దొరకలేదు. ఆ దసరాకు డాలు మళ్లీ మేకుకెక్కింది. పెద్దనాయన కుంకుమ పెట్టి, బెల్లం మామ చేతికే రోకలిబండ ఇచ్చి ఒక దెబ్బ కొట్టమన్నాడు. ఆ మోత వీధి చివరిదాకా పోయింది. ఎదురు అరుగు మీది అవ్వ చెయ్యి నుదుటికి పెట్టుకుని, "నా చిన్నప్పుడు దినాం ఇంటుంటి, గదే సప్పుడు" అంది. పెద్దనాయన నావైపు చూశాడు. నేను నేలచూపులు చూశాను.

అందరి ముందూ ఆయన తల వంచుకునేలా చేసినందుకు నేను ఆయనకు క్షమాపణ చెప్పనేలేదు. చెబుదామనుకుంటూనే ఉద్యోగం, బదిలీలు, ఇన్నేళ్లు. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేడు. ఆ అవ్వ లేదు, బెల్లం మామా లేడు. మొన్న బెల్లం మామ మునిమనవడి పెళ్లిలో పురోహితుడు "ముహూర్తం దాటిపోతోంది, తొందరపడండి" అని కేకలు పెడుతుంటే నా నాలుక ఎంత దురదపెట్టిందో చెప్పలేను. అక్షింతలు వేసి, పెద్దనాయనను తలచుకుని, లడ్డూ నోట్లో కుక్కుకుని బయటపడ్డాను. ఫరవాలేదు, నాకూ బుద్ధి వచ్చిందని దారంతా మురిసిపోయాను. ఇంటికొచ్చి కూర్చుని, ఇదిగో, ఇదంతా రాసి మీకు చదివి వినిపించాను.